మాస్టారు నిలబడుతున్నారట

ఆదివారం పొద్దున్న లెక్కల మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే: చెక్కను నునుపు చేసే మిషను ఏది కొనాలో తేల్చుకోవడం. కూతురికి నెలలు నిండుతున్నాయి. తన చేత్తో చేసిన ఉయ్యాల ఉప్పుకాగితంతో ఎంత రుద్దినా నునుపు తేలలేదు, ఆయన భుజం మాత్రం పట్టేసింది. "పసిగుడ్డుకి ఒక్క పేడు గుచ్చుకున్నా ఊరుకోను" అని భార్య ముందే చెప్పేసింది.

బాల్కనీయే ఆయన కార్ఖానా. అక్కడినుంచే వడ్రంగం చేసే బావమరిదికి ఫోన్ చేశారు. ఆ బావమరిదికి చెవుడు. అందుకే మాస్టారి మాట వీధి చివరిదాకా వినిపించింది.

"బల్లమీద పెట్టుకునేది చిన్నదిరా, పలకలు పట్టవు. ఏమంటావ్? సరే, ఇంక ఆలోచించను. నిలబడేదే ఖాయం!"

కింద మొక్కలకు నీళ్లు పోస్తున్న నర్సు చెవిన ఆ చివరి మాటే పడింది. వచ్చే ఆదివారమే అపార్ట్‌మెంటు సంఘం ఎన్నిక. ఇంకేముంది, మాస్టారు అధ్యక్షుడిగా నిలబడుతున్నారన్న కబురు లిఫ్టు కంటే ముందే పై అంతస్తు చేరింది. ఆ లిఫ్టు ఎలాగూ పనిచేయదనుకోండి.

సాయంత్రం బస్సు డ్రైవరు దర్జీని వెంటబెట్టుకుని వచ్చాడు. "మాస్టారూ, మోటారు సంగతేం ఆలోచించారు?"

మిషను వార్త ఇతని దాకా వెళ్లిందా అని మాస్టారు మురిసిపోయారు. "చిన్న మోటారు చాలండీ."

"చిన్నదా! పై అంతస్తుకి ఇప్పుడే నీళ్లెక్కట్లేదు!"

ఆయన అయోమయంగా చూస్తుంటే దర్జీ అందుకున్నాడు. "మెట్లమీద దుమ్మో?"

"మెట్లదాకా రానే రాదు. అంతా సంచీలోకి పోతుంది."

ఇద్దరూ నోరెళ్లబెట్టారు. ఆ వారమంతా గుమ్మం ఖాళీ లేదు. మాస్టారు బడికి వెళితే, గోడు వినేది ఆయన భార్య.

చివరికి పాత అధ్యక్షుడే వచ్చాడు. "నిలబడేది ఖాయమటగా?"

"అవునండీ. కానీ చోటే కనబడట్లేదు."

"అంటే నన్ను లేవమంటారు!" అని ఆయన విసురుగా వెళ్లిపోయాడు. అప్పటికిగాని భార్యకు విషయం అర్థంకాలేదు. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, మాస్టారికీ విప్పి చెప్పింది.

ఎన్నికనాడు మాస్టారు లేచారు. "నేను నిలబడటం లేదండీ."

"నిలబడే చెప్తున్నారుగా!" అన్నాడు దర్జీ.

"నిలబడేది నేను కాదు, మిషను! ఉయ్యాల కోసం!"

నవ్వులు ఆగాక మొహాలు వాడిపోయాయి. "మరి మా నీళ్లు?" అంది నర్సు నీరసంగా.

అప్పుడు మాస్టారి భార్య లేచింది. "మోటారు బాగుచేసేవాణ్ణి రేపు రమ్మన్నాను. మెట్లు ఊడ్చే మనిషితోనూ మాట్లాడాను. లిఫ్టు సంగతి ఇంకా తేలలేదు. వారంనుంచి వింటూనే ఉన్నాగా! ఆయన నిలబడకపోతే నేను నిలబడతాను."

పాత అధ్యక్షుడు గొడవపడతాడనుకున్నారంతా. ఆయన తాళాలగుత్తి ఆమె చేతిలో పెట్టి, "బతికించావు తల్లీ! దింపేస్తున్నారనే ఉక్రోషం తప్ప, నాకీ పదవి ఎందుకమ్మా!" అన్నాడు.

ఆ గుత్తిలోని ఒక తాళంతో పంపు పక్కన వాడకంలో లేని గది తెరుచుకుంది. అందరూ సరేనన్నాక నిలువు మిషను అక్కడికి చేరింది. నునుపు తేలిన ఉయ్యాల అంచుకు చెంప ఆనించి చూసిన మాస్టారి భార్య కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

అధ్యక్షురాలు మధ్యాహ్నం నడుం వాల్చే వేళ ఆ మిషను ఆడకూడదన్నది కొత్త సంఘం చేసిన మొదటి తీర్మానం.