పిండి డబ్బాలో స్పానర్

తెల్లవారగానే మెకానిక్ భార్య భర్త సంచి సర్దడం మొదలుపెట్టింది. రెండు చొక్కాలు, తువ్వాలు, బీపీ మాత్రలు. పెట్టిన చొక్కానే మూడుసార్లు తీసి మళ్ళీ మడతపెట్టింది. సంచి నిండితే మనిషి బయలుదేరతాడు. అందుకే ఆమెకు చేతులు ఆడటం లేదు.

భర్త వెళ్తున్నది రెండు రోజుల పనిమీదే. ఎనిమిది గంటల బస్సెక్కి, ఎక్కడో మూతపడ్డ షెడ్డులో ఉన్న యాభై ఏళ్ళనాటి ఐదు అరల పనిముట్ల పెట్టె తెచ్చుకోవాలి. ఇంట్లో అలాంటివి ఇప్పటికే పదకొండున్నాయి. మంచం కింద నాలుగు, టీవీ కింద ఒకటి, ఆమె పోరు పడలేక ఉల్లిపాయలకు వదిలేసింది ఒకటి. రిటైరైనా ఆయన వాటిని చూసి మురిసి ఊరుకునే రకం కాదు. ఆ పాత పెట్టెలు మోసుకెళ్ళి ఊళ్ళో వాళ్ళ బండ్లు బాగుచేసి వస్తాడు.

ఆమె భయం పెట్టెల గురించి కాదు. "రెండు రోజుల్లో వచ్చేస్తా" అనే మాట చిన్నప్పుడు నాన్న నోట విన్నది, పెళ్ళయ్యాక అక్క నోట విన్నది. ఇద్దరూ రాలేదు.

భర్త స్నానానికి వెళ్ళగానే ఆయన రోజూ పనికి పట్టుకెళ్ళే ఎర్ర పెట్టె తెరిచి, పన్నెండు నంబరు స్పానర్ తీసి, పిండి డబ్బాలో అడుక్కంటా పాతేసింది. ఆ పెట్టెలో ప్రతి పనిముట్టుకూ దాని ఆకారంలో కోసిన గూడుంది. గూడు ఖాళీగా ఉంటే పెట్టె మూయకూడదు, పెట్టె మూయనిదే గడప దాటకూడదు. ఇది ఆయన నలభై ఏళ్ళ నియమం. ఇల్లంతా వెతుకుతాడు, ఈలోగా బస్సు వెళ్ళిపోతుంది. అదీ ఆమె పథకం.

కానీ ఆయన వెతకలేదు. ఖాళీ గూడు చూసి, నెత్తుటి చుక్క లేని మొహంతో కుర్చీలో కూలబడ్డాడు. నిన్న ఆ పెట్టెతో బాగుచేసింది స్కూలు వ్యాన్ ఇంజను.

"ఏమైంది బావా?" అన్నాడు, తొమ్మిదేళ్ళుగా వాళ్ళతోనే ఉంటున్న ఆమె తమ్ముడు, పేపరు దించకుండా.

"స్పానర్ ఇంజన్లో వదిలేశాను. ఫ్యాన్‌లో పడిందంటే..." ఆయన మాట పూర్తిచేయకుండానే ఫోనందుకున్నాడు.

వ్యానుకు ఏ ప్రమాదమూ లేదని ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు. చెబుదామనుకుంది. చెబితే ఆయన ఆ స్పానర్ గూట్లో పెట్టి తిన్నగా బస్సెక్కేస్తాడు. పిండి డబ్బా మూత ఇంకాస్త బిగించింది. బావాబావమరుదులు నియమం మాటే మరిచి పెట్టె, అటునుంచే బస్సెక్కొచ్చని సంచి పట్టుకుని పరుగెత్తారు.

డ్రైవరు ఫోనొచ్చిన చోటే, సరిగ్గా ఇరుకు వంతెన మధ్యలో, బండి ఆపేశాడు. పిల్లల్ని దించి టీచరుకు ఇంజన్లో ఏదో ఉందన్నాడు. టీచరు ఫోనులో అది కాస్తా పొగైంది, తల్లిదండ్రుల దగ్గరికి చేరేసరికి మంటైంది. ఇంట్లో కూర్చోలేక పిండి డబ్బా చంకనేసుకుని ఆమె వచ్చేసరికి, వంతెనకు అటూ ఇటూ బండ్లు బారులు తీరాయి. ఒక తల్లి ఇద్దరు పిల్లల్ని కావలించుకుని ఏడుస్తోంది. ఇద్దరూ ఆమె పిల్లలు కారు. సగం ఇంజను రోడ్డుమీద ఉంది. దాని పక్కన భర్త, మోకాళ్ళమీద వంగి మిగతాది విప్పుతూ.

ఆమె డబ్బాలో చెయ్యి పెట్టి స్పానర్ తీసింది.

"ఇదెక్కడ దొరికింది?"

"నేనే దాచానండీ. మీరు వెళ్ళకూడదని."

ఆయన పిండి తుడిచి, దాన్ని గూట్లో పెట్టాడు. తిట్టలేదు. "ఆ మాటే చెప్పుంటే మానేసేవాణ్ణి కదే," అన్నాడు.

వ్యాను వెనకాల మూడో బండి ఎనిమిది గంటల బస్సే. వ్యానును వంతెన చివరికి నెట్టి బండ్లకు దారిస్తున్నారు గానీ, ఇంజను బిగించందే ఆయన కదలడానికి లేదు. పెట్టె ఇవాళ తీసుకెళ్ళకపోతే రేపు పాతసామాన్లవాడికి వేసేస్తానని షెడ్డాయన ముందే చెప్పాడు.

"నేను వెళ్ళొస్తాలే అక్కా. సంచి ఎలాగూ నా భుజానే ఉంది," అన్నాడు తమ్ముడు.

ఏళ్ళ తరబడి వీధి మలుపు దాటని మనిషి. చెప్పులు ఇంకా కొత్తవాటిలా మెరుస్తున్నాయి. ఆమెకు నవ్వొచ్చింది. సంచిలోంచి బీపీ మాత్రలు తీసుకుని, పద పదమని బస్సు ఎక్కించింది. బస్సు కదిలినప్పుడు భర్త మోచెయ్యి రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది, అటు చూడలేదు.

పెట్టె నాలుగో రోజు పార్సిల్లో వచ్చింది. పై అరలో చీటీ ఉంది. ఇక్కడ వరండాలో గాలి బాగుంది, షెడ్డాయనకు తోడెవరూ లేరట, కొన్నాళ్ళుండి వస్తా.

నాన్నలా, అక్కలా తమ్ముడూ రాలేదు; వెళ్ళింది మార్చి పదకొండు, మంగళవారం, పొద్దున తొమ్మిదింటికని ఆమె ఇప్పటికీ చెబుతుంది.