ఆరింటికి మూసే కౌంటరు

సైకిలు దిగి పరుగుకి బూట్లు కట్టుకునే చోట మైలపల్లి నూకరత్నం తన నవ్వు తీసి కౌంటరులో ఇచ్చి, రేకు టోకెను తీసుకుంది. ముందున్న అమ్మాయి ఆకలి ఇచ్చింది, వెనకున్నామె సిగ్గు ఇచ్చింది. ఎవరూ ఎవరినీ వింతగా చూడలేదు. గుడి బయట చెప్పులు విడిచేవాళ్ళు ఒకరి చెప్పులు ఒకరు చూస్తారా?

రుషికొండ దగ్గర సముద్రంలో ఈత, భీమిలి రోడ్డు మీద సైకిలు, ఆ వెంటనే పరుగు. మూడూ ఒకే ఊపులో చేస్తే దాన్ని ట్రయాథ్లాన్ అంటారు. కౌంటరు పద్ధతి పోటీలు నడిపే సంఘంవాళ్ళు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో, కంప్యూటరు కంపెనీల్లో ఏనాటి నుంచో ఉన్నదే, ఆటల్లోకి కాస్త ఆలస్యంగా వచ్చింది. మనిషి లోపలి బరువు తగ్గితే వేగం పెరుగుతుందని ఒక కమిటీ తేల్చింది. పోటీ ఎంత పొడుగైతే అప్పజెప్పాల్సిన బరువు అంత ఎక్కువ. సాయంత్రం ఆరులోగా టోకెను చూపించి ఎవరిది వాళ్ళు పట్టుకుపోవచ్చు. ఇందులో అన్యాయం ఉందని ఎవరనగలరు?

చిన్న చిక్కల్లా ఏమిటంటే, గెలిచినవాళ్ళకి ఆరులోగా తీరిక దొరకదు. ఉత్ప్రేరకాల పరీక్షకి శాంపిలు ఇవ్వాలి, ముఖ్య అతిథి కారు దిగాలి, ఆయన తన చిన్ననాటి కబడ్డీ గురించి చెప్పాలి, దండలు, ఫొటోలు. ఓడినవాళ్ళు తాపీగా వెళ్ళి తమ నవ్వులూ నిద్రలూ సంచిలో వేసుకుని బస్సెక్కుతారు. ఆరు దాటాక మిగిలినవి ఊరికే పాడైపోతాయి కాబట్టి సంఘం కార్యవర్గం వాటిని పంచుకుని వాడుకలో ఉంచుతుంది.

నూకరత్నం పెదజాలరిపేట పిల్ల. నడక కన్నా ముందు ఈత వచ్చింది. పొట్టి దూరాల్లో ఆమెకి ఎదురే లేకపోయింది. మొదటి బంగారు పతకం వచ్చిన రోజే నవ్వు పోయింది. వారం తర్వాత సన్మానసభలో సంఘం కార్యదర్శి సన్యాసినాయుడు గారు మైకు ముందు నవ్వారు. గలగలా మొదలై చివర్లో ఎక్కిళ్ళలా తెగే నవ్వు. సభంతా ముచ్చటపడింది. నూకరత్నం మాత్రం పక్కనున్న భర్త ఎల్లాజీ చెయ్యి పట్టుకుంది.

"అది నాదే," అంది.

"ఊరుకోయే. ఇంటారు," అన్నాడు ఎల్లాజీ. హార్బరులో ఐసు ఫ్యాక్టరీ పని అతనిది. చల్లగా మాట్లాడటం అలవాటు. "ఆయనకీ బాగానే అతికింది."

మధ్య దూరాల్లో ఆమె నిద్ర ఇచ్చింది, మళ్ళీ గెలిచింది. ఆ నిద్ర కోశాధికారికి వెళ్ళింది. పాపం ఏళ్ళ తరబడి కునుకు పట్టని మనిషి, ఇప్పుడు మీటింగుల్లో పసిపాపలా నిద్రపోతున్నాడు. నిద్ర లేదు కాబట్టే ఛాంపియన్‌కి సాధనకి ఎక్కువ సమయం దొరుకుతోందని పేపర్లు మెచ్చుకున్నాయి. ఓడితే ఇంట్లో గొడవ, గెలిస్తే ఒంట్లో గొడవ అన్నట్టుగా ఉంది నూకరత్నం బతుకు. అయినా పొట్టి దూరం, మధ్య దూరం గెలిచినవాళ్ళు పొడుగు దూరానికి దిగాలి. దిగకపోతే క్రీడల కోటాలో వచ్చిన ఉద్యోగం ఉండదు. రూలు రూలే.

పొడుగు దూరానికి నవ్వూ నిద్రా లాంటివి చెల్లవు. మనుషుల్ని ఇవ్వాలి. అంటే, మన మనసులో ఉన్న మనిషిని. పోటీకి ముందు రోజు తూకం వేయించుకోడానికి నూకరత్నం, ఎల్లాజీ కౌంటరుకి వెళ్ళారు. అక్కడ కొండబాబు అనే గుమాస్తా కూర్చుంటాడు. అతని పక్కన చేపల బజారులో ఉండేలాంటి ముల్లు కాటా ఉంటుంది.

"బాబూ, నా భయం ఇచ్చేస్తాను. అంతకన్నా బరువైంది నా కాడ లేదు," అంది నూకరత్నం.

"భయం తీసుకోమమ్మా. అది తీసేసుకుంటే ఇంక మీరేల పరిగెడతారు?"

గాజువాక మేనత్తని ఇస్తానంది. కొండబాబు తూచాడు. ముల్లు కదల్లేదు.

"ఈవిడ తూగదమ్మా. పండగలకి కూడా పిలవరు కదేటి ఈవిణ్ణి?"

"పోనీ, మా ఆయన్ని చూడు."

ముల్లు సగం దాకా లేచి ఆగిపోయింది. కొంచెం తక్కువ పడిందన్నాడు కొండబాబు. వెనక నిలబడ్డ ఎల్లాజీ గొంతు సవరించుకుని గోడ మీద ఫొటోల వైపు చూశాడు.

"ఇంట్లో ఇంకెవరున్నారమ్మా?" అని మెల్లగా అడిగాడు కొండబాబు. నూకరత్నం కాటా దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. సముద్రం అడుగున కాళ్ళకి వల చుట్టుకున్నప్పుడు కూడా ఆమె అంత భయపడలేదు.

పైడిశ్రీకి ఏడేళ్ళు.

ఇంటికొచ్చే దారిలో ఎల్లాజీ ఉపాయం చెప్పాడు. "రెండోదానివిగా రా. రెండో స్థానానికి దండలుండవు, శాంపిలుండదు. సీదా కౌంటరు కాడికెళ్ళి పిల్లని తెచ్చీసుకో. అంతే." అంత తేలికైన సంగతి ఇన్నాళ్ళూ తట్టనందుకు ఇద్దరూ ఆశ్చర్యపోయారు.

పోటీ రోజు పొద్దున నూకరత్నం కూతురికి రెండు జడలు వేసింది. పిల్ల సముద్రం వైపు తిరిగినప్పుడల్లా తల పట్టుకుని నిటారుగా పెట్టింది. "అటు చూడకే, పాయ వంకర పోద్ది," అంది. జడ అయ్యాక, ఎప్పటిలాగే, మెడ వెనక ఉఫ్ అని ఊదింది. పైడిశ్రీకి చక్కిలిగింత పుట్టింది. తర్వాత క్రీడాకారుల జబ్బల మీద నంబర్లు రాసే చెరగని మార్కరు తీసుకుని పైడిశ్రీ తల్లి అరచేతిలో గుండ్రంగా రాసింది: మెల్లగా రా అమ్మా.

ఈతలో మెల్లగానే వెళ్ళాలనుకుంది నూకరత్నం. సైకిలు మీద కూడా అనుకుంది. కానీ లోపలున్న భయానికి ఉపాయాలు తెలియవు, తొక్కించడం ఒక్కటే తెలుసు. కౌంటరు దగ్గరికి అందరికన్నా ముందు చేరింది. పరుగులో తగ్గుదాంలే అనుకుంది.

"జాగర్తగా పెట్టు బాబూ," అంది. "బల్లిని చూస్తే జడుసుకుంటాది. పెరుగన్నంలో ఆవాలు ఏరి పారేస్తాది. జ్వరమొస్తే ఎడం పక్కకి తిరిగి పడుకుంటాది."

"అన్నీ అందులోనే ఉంటాయమ్మా," అన్నాడు కొండబాబు. టోకెను ఇచ్చాడు.

నూకరత్నం పరుగు మొదలుపెట్టింది. ఒళ్ళు ఎంత తేలికగా ఉందో! రెండో స్థానంలో రావాలని ఎవరో చెప్పినట్టు గుర్తుంది. ఎందుకో గుర్తు రాలేదు. ఛాంపియన్‌కి రెండో స్థానమేమిటి, తెలివితక్కువ మాట. చెమట తుడుచుకోబోతే అరచేతిలో ఏదో రాత కనిపించింది. ఎవరో పిల్లల దస్తూరీ. తనని వెనక్కి లాగడానికి పోటీవాళ్ళు ఎంతకి దిగజారారో అనుకుని, ఆ చెయ్యి బట్టకేసి గట్టిగా రుద్దుకుంది. రోడ్డు పక్కన ఎల్లాజీ "పాప! పాప!" అని అరుస్తూ కొంతదూరం వెంట పరిగెత్తాడు. తన మొగుడికి కూడా ఇంత హుషారు ఉంటుందని ఆమెకి అప్పుడే తెలిసింది. ఇంకా వేగం పెంచింది.

గెలిచింది. ముఖ్య అతిథి కబడ్డీ సగంలో ఉండగా కౌంటరు షట్టరు దిగింది. నూకరత్నం దగ్గర లాక్కొచ్చిన టోకెను పట్టుకుని ఎల్లాజీ తన్నుకులాడాడు. సొంతదారు స్వయంగా రావాలని కొండబాబు లోపలి నుంచే చెప్పాడు. రెండు జడల పిల్ల ఒకతి వేదిక ఎక్కి నూకరత్నం నడుము చుట్టుకుంది. అభిమానులతో ఎలా ఉండాలో ఛాంపియన్‌కి తెలుసు. పిల్ల తల నిమిరి, "బాగా చదువుకో అమ్మా," అంది.

పంపకంలో నూకరత్నం మనసులోని పైడిశ్రీ కార్యదర్శి గారి వాటాకి వచ్చింది.

ఇప్పుడు ఇంట్లో ఏ గొడవా లేదు. నూకరత్నం పిల్లకి వేళకి అన్నం పెడుతుంది, మీరు అని పిలుస్తుంది, పెరుగన్నంలో ఆవాలు వేస్తుంది. ప్రతి ఆదివారం ఎల్లాజీ కూతుర్ని స్టేడియం ఆఫీసుకి తీసుకెళ్తాడు. అక్కడ చాలా సంస్థల పెద్దలు తమ వాటాకి వచ్చిన పిల్లల కోసం ఒక పూట కేటాయించారు. వరండాలో బెంచీల నిండా పిల్లలు వరసలో కూర్చుంటారు.

"మీ అమ్మది పోటీయా?" అని పక్కనున్న కుర్రాడు అడిగాడు.

"అవును. మీ అమ్మది కూడానా?"

"కాదు. మా నాన్నది బ్యాంకు."

పైడిశ్రీ వంతు వచ్చింది. సన్యాసినాయుడు గారు గోడ మీది బల్లిని ముందే చీపురుతో తరిమేసి ఉంచారు. పిల్లని మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని జడ విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టారు. కిటికీ అవతల రోడ్డు మీద నూకరత్నం పరిగెడుతోంది. వచ్చే ఏడాదికి ఇంకా పొడుగు దూరం ప్రకటించారు. ఆమె మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తోంది, దేనికి భయపడుతోందో తెలియనివాళ్ళు చూసినట్టు. పైడిశ్రీ కిటికీ వైపు తిరిగింది.

"అటు చూడకే, పాయ వంకర పోద్ది," అన్నారు సన్యాసినాయుడు గారు. జడ అయ్యాక మెడ వెనక ఉఫ్ అని ఊదారు.

పైడిశ్రీకి చక్కిలిగింత పుట్టింది. తల నిటారుగా పెట్టుకుని కూర్చుంది.