హార్లన్ బండి కింద చేసిన ప్రార్థన

ఇక్కడ చేసిన ప్రార్థన పైకి అవే మాటలతో చేరుతుందా, దారిలో ఏమైనా మారిపోతుందా అన్న అనుమానం హార్లన్‌కు ఏళ్ల తరబడి ఉంది. చర్చిలో అడిగితే బాగుండదని ఎవరినీ అడగలేదు.

ఆ శనివారం అతనికి అనుమానాలకు కూడా తీరిక లేదు. సాయంత్రం మేనకోడలి పెళ్లి. భార్య ఓపల్ చేసిన మూడంతస్తుల కేకు అతని పికప్‌లోనే కొండ దిగి చర్చికి చేరాలి. పోయిన పెళ్లికి చేసిన కేకు రెండో మలుపులోనే తలుపుకు అంటుకుపోయింది. అందుకే, మలుపుల్లో బండి ఒరగకుండా పట్టి ఉంచే స్వే బార్ లావుపాటిది కొత్తగా తెప్పించి, బండిని స్టాండ్ల మీదికెత్తి కిందికి దూరాడు.

"ఒరిగేది బండో నువ్వో ఇవాళ తేలిపోతుంది. ఈసారి కేకు పడితే మీ చెల్లెలికి నువ్వే చెప్పుకో," అంది ఓపల్ మెట్ల మీంచి.

"మధ్యాహ్నానికల్లా అయిపోతుందిలేవే."

బోల్టులన్నీ ఊడాయి, ఒక్కటి తప్ప. అది తుప్పుపట్టి మొరాయించింది. దాన్ని లొంగదీసేది పొడుగు పిడి రెంచి ఒక్కటే. దాన్ని ఎదురింటి లైల్ ఏనాడో పట్టుకెళ్లాడు. అడిగితే పొరుగువాణ్ణి దొంగ అన్నట్టుంటుందని హార్లన్ ఇన్నేళ్లూ అడగలేదు. మనిషిని అడగలేక ఇప్పుడు దేవుణ్ణి అడిగాడు. చేతులు గుండెల మీద జోడించి కళ్లు మూసుకున్నాడు.

పక్కింటి వెర్నాకు బయటికి చాచిన బూట్లు కనిపించాయి. "బ్రదర్ హార్లన్, బానే ఉన్నావా?"

ప్రార్థన మధ్యలో పలకకూడదని వాళ్లమ్మ నేర్పింది. హార్లన్ పలకలేదు; ఆమెన్ అనేలోపే కునుకు పట్టేసింది.

అంబులెన్సు పక్క ఊరి నుంచి రావాలి. ఒకరి నుంచి ఒకరికి ఫోనులో కబురు పాకే చర్చి ప్రార్థన గొలుసుకు ఒక్క కాల్ చాలు. "బండి కింద కదలకుండా పడున్నాడు, ప్రార్థించండి," అంది వెర్నా. రెండో ఆవిడ "బండి మీద పడిందట" అంది. మూడో ఆవిడ ప్రార్థన మానేసి ఓవెన్ వెలిగించింది. ఆ ఊళ్లో ఎవరైనా పోతే ఆ ఇంటికి ముందు ఓవెన్‌లో గిన్నెతో కాల్చిన బంగాళదుంపల క్యాసరోల్ వెళ్తుంది, వెనకాలే కన్నీళ్లు.

వేడి గిన్నెతో వచ్చినావిడ ఓపల్‌ను గట్టిగా కావలించుకుంది. "ధైర్యంగా ఉండు సిస్టర్. పెళ్లి వాయిదా వేస్తారా?"

"ఎందుకు వెయ్యడం? ఆయన వచ్చినా రాకపోయినా కేకు వెళ్లాల్సిందే."

అంత గుండె నిబ్బరం చూసి ఆవిడ ఏడ్చేసింది. ఇంకో గిన్నె వచ్చింది, ఆపై ఇంకోటి. బల్ల నిండి కేకు అంచుకు జరిగింది. పాస్టర్ బైబిలుతో వచ్చాడు. ఆయన వెనక టోపీ చేతపట్టుకుని లైల్.

"సిస్టర్, ఇది హార్లన్‌ది," అన్నాడు లైల్ వాకిట్లోనే, పొడుగు పిడి రెంచి చాపుతూ. "బతికుండగా ఇవ్వలేకపోయాను. ఇంట్లో ఉంచుకుంటే నాకు నిద్ర పట్టదు."

బండి కింద నుంచి గ్రీజు చెయ్యొకటి బయటికొచ్చింది. "ఇలా ఇవ్వు, లైల్."

లైల్ గడ్డిలో కూలబడ్డాడు. పాస్టర్ బైబిలు మూసి, తినడానికేమైనా ఉందా అని అడిగాడు.

సాయంత్రం కేకు చుట్టూ క్యాసరోల్ గిన్నెలు కూరిన పికప్ కొండ దిగింది. కేకు ఒరగకుండా చేరింది. దాన్ని పడకుండా ఆపింది స్వే బారా, బంగాళదుంపలా అన్నది ఆ దంపతుల మధ్య ఇంకా తేలలేదు.

షెడ్డు గోడ మీద రెంచి ఆకారంలో గీసిన గీత ఇన్నేళ్లూ ఖాళీగానే ఉంది. పెళ్లి నుంచి రాగానే హార్లన్ రెంచిని తుడిచి అందులో తగిలించాడు. ప్రార్థనలో మాటలన్నీ దారిలో మారిపోయాయి గానీ, రెంచి మాత్రం అదే సైజుది వచ్చింది.