మురుగు కాలువల రిపోర్టుకి పట్టు రిబ్బను

ఇన్ని ఎర్ర రిబ్బన్లు ఎందుకు కత్తిరిస్తున్నావని అడిగారు కదా, కూర్చోండి, చెప్తాను. నవ్వితే మాత్రం ఊరుకోను.

నేను పుస్తకాలు బైండు చేసేవాణ్ణని మీకు తెలుసు. పాత నేరకథల బొమ్మల పుస్తకాలంటే నాకు పిచ్చి అనీ తెలుసు. పిచ్చి అన్నది మా ఆవిడ మాట, నేను అభిరుచి అంటాను. వాటిలో నలుపూ తెలుపూ తప్ప మూడో రంగుండదు. ఎప్పుడూ వర్షమే. టోపీ కిందికి లాక్కున్న డిటెక్టివు, గోడమీద వాడికన్నా పొడుగైన వాడి నీడ. మచ్చుకైనా ఒక మంచివాడుండడు, ఆ డిటెక్టివుతో సహా. పొద్దస్తమానం జిగురు పూసుకుంటూ, ఎవరేమన్నా సరేనండీ అనే నాలాంటివాడు కూడా, ఆ పేజీల్లో దూరితే పెద్దమనుషులందర్నీ దర్జాగా అనుమానించొచ్చు. అదీ అందులో సుఖం.

వాటిలో ఏడు భాగాల కథ ఒకటుంది. మొదటి భాగం మొదటి బొమ్మలోనే ఒక నగల వ్యాపారి చచ్చిపడి ఉంటాడు. చంపిందెవరో ఏడో భాగంలోగాని తెలియదు. ఆరు భాగాలు నా దగ్గరున్నాయి. ఏడోది పద్నాలుగేళ్ళుగా దొరకలేదు. హంతకుడు ఆ ఒంటికన్ను హోటలు యజమానే అని నా నమ్మకం. ఆ నమ్మకాన్ని కన్నబిడ్డలా సాకాను.

ఈమధ్య పాత పుస్తకాల కొట్లో ఆ ఏడో భాగం కంటబడింది. నా కాళ్ళు నేలమీద ఆనలేదు. వెంటనే మా ఆవిడ చట్టం గుర్తొచ్చింది. ఇంట్లోకి ఒక బొమ్మల పుస్తకం వస్తే బీరువాలోంచి ఒకటి బయటికి పోవాలి. ఉన్నవాటిలో దేన్ని పంపను చెప్పండి.

అప్పుడు తట్టింది ఉపాయం. మా బావమరిది మురుగునీటి శాఖలో ఇంజినీరు. వాళ్ళ వార్షిక నివేదిక ఏటా నేనే బైండు చేస్తాను. ఏదైనా అట్ట పాడైపోతుందేమోనని ఒకటి ఎక్కువ చేసి ఉంచుకోవడం మా పనిలో అలవాటు. ఈసారి ఏదీ పాడవలేదు. బంగారు అక్షరాల అట్ట ఒకటి మిగిలింది. ఏడో భాగాన్ని అందులో బిగించి, ఇంటికి తెచ్చి, ముందుగది అల్మరాలో అందరికీ కనబడేలా పెట్టాను. ఆదివారం ఆవిడ బజారుకెళ్ళాక తీరిగ్గా చదువుకోవాలని నా పథకం.

ఏమిటది అని మా ఆవిడ అడిగింది. నీ తమ్ముడి శాఖ గురించి నాలుగు ముక్కలు తెలుసుకుందామని, అన్నాను. పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చాలా సంతోషమండీ అని ఉన్నచోటే పెట్టేసింది. ఆ సంతోషాన్ని నేను అప్పుడే అనుమానించాల్సింది.

ఆదివారం ఆవిడ బజారుకి కదల్లేదు. పైగా బావమరిది దిగాడు. వస్తూనే అల్మరాలో పుస్తకం చూసి వాడి కళ్ళు చెమర్చాయి. తన ఉద్యోగంలో ఆ నివేదిక ఇంట్లో పెట్టుకున్న మనిషిని నన్నొక్కణ్ణే చూశాడట. ఏ అధ్యాయం నచ్చింది బావా అన్నాడు. నోటికొచ్చిన అంకె చెప్పాను, మూడోదని. మూడోది వాడు రాసిందే. ఇక చూస్కోండి, భోజనం ముగిసేదాకా గొట్టాల వాలు గురించే చెప్పాడు.

వాడు సంచీ తగిలించుకుని వెళ్ళాక చూస్తే అల్మరా ఖాళీ.

"ఇక్కడి పుస్తకమేది?"

"తమ్ముడు పట్టుకెళ్ళాడు. రేపు పెద్దాఫీసరు ముందు చదవాలట."

"వాడికో కాపీ ఉంటుందిగా?"

"ఉంటుంది. మీరు అంత ఇష్టంగా చదివింది కదా, కలిసొస్తుందని నేనే ఇచ్చాను."

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఫోను చేసి ఏమని చెప్పను? నీ సంచీలో నగల వ్యాపారి శవం ఉందనా?

మర్నాడు పొద్దున్నే వాళ్ళ ఆఫీసుకి పరిగెత్తాను. అప్పటికే మీటింగు మొదలైంది. బల్లచుట్టూ పదకొండుమంది. మా బావమరిది నివేదిక తెరవబోతున్నాడు. ఒక్క అంగలో వెళ్ళి లాక్కుని, నేనే తెరిచాను. గొట్టాలు. ఇంకో పేజీ తిప్పాను, గొట్టాలే. చివరిదాకా గొట్టాలే.

గదంతా నన్నే చూస్తోంది. పెద్దాఫీసరు కళ్ళజోడు తీసి, ఎవరయ్యా నువ్వు అన్నాడు. బైండరునండీ, కుట్టులో లోపముందేమోనని వచ్చాను, అన్నాను. అన్నిటిలోనా అన్నాడాయన. ఏం చేస్తాను, తలూపాను. అరగంటలో నలభై నివేదికలూ కట్టగట్టి నా నెత్తిన పెట్టారు. నిక్షేపంగా ఉన్న నలభై కుట్లు విప్పి మళ్ళీ కుట్టాలి.

కట్టలు మోసుకుని ఇంటికొచ్చేసరికి మా ఆవిడ కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని ఏడో భాగం చివరి పేజీ మూస్తోంది. పుస్తకం అసలు ఇల్లు కదలనేలేదు.

"మురుగు కాలువల రిపోర్టుకి పట్టు రిబ్బను ఎవడు పెడతాడండీ?" అంది.

నిజమే. పద్నాలుగేళ్ళు వెతికిన పుస్తకాన్ని మామూలుగా బైండు చేసి వదిలేయడానికి నాకు చేతులు రాలేదు. పేజీ గుర్తుకి ఎర్ర పట్టు రిబ్బను పెట్టాను. మొదటిరోజే పట్టేసిందట. కథ తెలియాలని, నేను కొట్టుకెళ్ళాక బీరువాలోని ఆరు భాగాలూ వరసగా చదివేసిందట. పిచ్చి అన్నావుగా అంటే, పిచ్చేనండీ, రెండుసార్లు కూర మాడింది అంది.

చెయ్యి చాచాను. ఇవ్వలేదు. మీటింగు సంగతి తమ్ముడు అప్పటికే ఫోనులో చెప్పాడట. వాణ్ణి పదిమందిలో నవ్వులపాలు చేశారు కాబట్టి ముందు వాడు చదవాలి, ఆదివారం తెచ్చిస్తాడు అంది. ఈలోగా కారుతున్న కుళాయి, ఊడిన గొళ్ళెం, అటకమీది సామాను నా వంతట. కుదరదనబోయాను.

"హంతకుడెవరో చెప్పేయనా?"

రెండు చెవులూ మూసుకున్నాను.

"చెప్పిన పని చేయండి. నేను నోరు విప్పను, ఒట్టు."

ఆ వారం నేను కూర్చున్న పాపాన పోలేదు. కాస్త నడుం వాలిస్తే చాలు, అసలా వర్షంలో వచ్చిందెవరంటే, అని మొదలెట్టేది. నేను అటకెక్కేవాణ్ణి.

ఆదివారం బావమరిది పుస్తకాన్ని కాగితంలో చుట్టి తెచ్చాడు. చేతులు తుడుచుకుని అందుకున్నాను.

"నాకేం కోపం లేదు బావా. ఇలాంటి పుస్తకమైతే నేనైనా లాక్కునేవాణ్ణి. కానీ ఆ గొడుగు పట్టుకుని తిరిగే టైపిస్టే చంపిందంటే, ఇప్పటికీ నమ్మలేకపోతున్నాననుకో."

పాపం ఆ ఒంటికన్ను హోటలు యజమాని. పద్నాలుగేళ్ళు నిందమోశాడు.

ఒట్టు వేశావు కదా అని మా ఆవిడ మీదికి లేచాను.

"నేను చెప్పలేదుగా. మా తమ్ముడి చేత ఒట్టు వేయించుకున్నారా?"

వాడికేమో చివరిది చదివాక మొదటినుంచీ చదవాలనిపించిందట. మొదటి భాగం సంచీలో పెట్టుకున్నాడు. వద్దనే మొహం నాకెక్కడిది? ఒకటొచ్చింది, ఒకటెళ్ళింది అని మా ఆవిడ బీరువా మూసేసింది. గడప దాటబోతూ వాడు మళ్ళీ ఆగాడు. ఆ ఎర్ర రిబ్బను భలే ఉంది బావా, ఎలాగూ కుట్లు విప్పావు కదా, మా నలభైకీ పెట్టెయ్, మూడో అధ్యాయం దగ్గర, అన్నాడు.

ఏడో భాగం చదివావా అంటారా? చదివాను. ప్రతి పేజీలోనూ ఆ గొడుగే కనబడింది. సరే, తలా ఒక కత్తెర అందుకోండి, ఇంకా ఇరవై ఆరు కత్తిరించాలి.