ప్రథమ సామాన్య ప్రేక్షకుడు

"ఇకమీదట ఈ దేశంలో సినిమా బాగుందో లేదో తేల్చే హక్కు పండితులది కాదు, ప్రజలది" అని ప్రేక్షక సంక్షేమ మంత్రి రదోస్తిన్ కెహాయోవ్ గారు మా బెలోబ్రెగ్ సినిమా హాలు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. అలాంటి శాఖ ఒకటి ఉందని మాలో ఎవరికీ తెలియదు. ఉన్నందుకు గర్వపడి చప్పట్లు కొట్టాం.

నేను అక్కడికి మంత్రి గారి కోసం వెళ్లలేదు. సంతలో ఉల్లికాడలు కొనుక్కుని, కట్ట చంకలో పెట్టుకుని ఇంటికి పోతున్నాను. నా పేరు జప్రియన్. డాన్యూబ్ రేవులో ముప్పై నాలుగేళ్లు క్రేన్లు బాగుచేసి రిటైరయ్యాను. మంత్రి గారి చూపు జనం మీద తిరిగి తిరిగి నా ఉల్లికాడల దగ్గర ఆగింది. దాని వెనకే టీవీ కెమెరా కూడా ఆగింది.

"ఇదిగో, అసలైన సామాన్యుడు. అయ్యా, మీకు పాత సినిమాలు ఇష్టమా, కొత్తవా?"

"పాతవేనండీ. పాత సినిమాల్లో తలుపు తెరుచుకుంటే మనిషి వచ్చేవాడు. కొత్తవాటిలో పది నిమిషాలు తలుపే కనిపిస్తుంది, మనిషి రాడు. వచ్చినా చీకట్లో నిలబడి గొణుగుతాడు."

జనం విరగబడి నవ్వారు. మంత్రి గారు నా భుజం తట్టారు. ఆ ముక్క మంగలి షాపులో విన్నదని చెప్పే అవకాశం నాకు రాలేదు.

నిజం ఒప్పుకోవాలి. పాత సినిమాల్ని నేను సోఫాలో నడుం వాల్చి చూస్తాను. మొదటి అరగంట సినిమా, తర్వాత గురక. కొత్త సినిమాలకు ఆ గౌరవం కూడా దక్కలేదు. వాటి గురించి నాకున్న పరిజ్ఞానం టీవీలో వచ్చే ప్రకటనల వరకే. అయినా అభిప్రాయాలకు మాత్రం ఏనాడూ లోటు రాలేదు.

వారం తిరక్కుండా రాజధాని సోఫియా నుంచి ముద్ర వేసిన ఉత్తర్వు వచ్చింది. నన్ను దేశానికి ప్రథమ సామాన్య ప్రేక్షకుడిగా నియమించారు. నా భార్య స్తోయ్నా రోజూ ఆరు గంటలకు టర్కీ సీరియల్ చూస్తుంది. ప్రకటనల మధ్యలో ఉత్తర్వు చదివింది.

"నలభై ఏళ్లలో ఒక్క సినిమా ఆఖరు చూసిన పాపాన పోలేదు. నీకీ పదవేమిటయ్యా?"

"మొదట్లోనే పసిగట్టేవాడు కావాలట వాళ్లకి" అన్నాను.

"మొదట్లో పసిగట్టేవాడివైతే నన్ను చేసుకునేవాడివా?" అని సీరియల్లో పడిపోయింది.

ప్రతి శుక్రవారం జిల్లా టీవీలో నాకు ఐదు నిమిషాలిచ్చారు. మంత్రి గారి సహాయకురాలు స్నెజానా ముందురోజు ఫోన్ చేసేది.

"ఈ వారం సినిమా చూశారా సార్?"

"పోస్టర్ చూశానమ్మా."

"చాలు సార్. మా కమిటీలో పోస్టర్ కూడా చూడనివాళ్లున్నారు."

వెళ్లి, పాతవి బాగున్నాయి, కొత్తవి బాగోలేవు అని చెప్పి వచ్చేవాణ్ణి. ప్రతివారం అదే. జనానికి నచ్చింది. నేనొక ఎర్ర మఫ్లర్ కొన్నాను. చేతులు వెనక్కి కట్టుకుని నడవడం అలవాటైంది. రొట్టెల దుకాణంవాడు జున్ను పొరల బనిత్స ఒకటి ఊరికే ఇచ్చి అభిప్రాయం అడిగాడు. "పాత బనిత్సలో ఉన్నంత జున్ను ఇందులో లేదు" అన్నాను. వాడు పాపం తలొంచుకుని ఇంకొకటి ఇచ్చాడు.

అక్టోబరులో ఒక సాయంత్రం గినా వచ్చింది. గినా స్తోయ్నాకు చెల్లెలు. మా ఊరి సినిమా హాల్లో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. కింద టికెట్లు అమ్మి, పరుగున మేడెక్కి సినిమా వేసి, అయ్యాక హాలు ఊడ్చేదీ ఆమే. వస్తూనే నా ముందు ఒక కాగితం పెట్టింది.

"ప్రథమ సామాన్య ప్రేక్షకుడి అభిప్రాయాల ప్రకారం కొత్త సినిమాలు ప్రజలకు అక్కర్లేదని తేలినందునను, పాతవి టీవీలో వచ్చుచున్నందునను, బెలోబ్రెగ్ సినిమా హాలును మూసి ప్రేక్షక సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయమునకు కేటాయించడమైనది. అభ్యంతరములపై విచారణ ఇరవయ్యో తేదీన."

"బావా, ఈ అభిప్రాయాలు నీవేనా?"

"నావే. కానీ ఊరికే అన్నవి."

"నువ్వు ఊరికే అన్నావు, నా ఉద్యోగం నిజంగానే పోతోంది."

స్తోయ్నా లేచి సీరియల్ ఆపేసింది. మా కాపురంలో అది మొదటిసారి.

"మా హాల్లో నువ్వు ఆఖరిసారి ఎప్పుడు కూర్చున్నావు?" అని గినా అడిగింది.

"మీ అక్కతో పెళ్లికి ముందు."

"ఏం చూశావు?"

"మీ అక్కని."

ఇంకోరోజైతే ఇద్దరూ నవ్వేవాళ్లు.

విచారణలో కనీసం ఒక్క కొత్త సినిమా అయినా చూసి నిర్ణయించండని గినా అర్జీ పెట్టింది. మంత్రి గారు విశాల హృదయంతో ఒప్పుకున్నారు, కెమెరాలు తెచ్చుకున్నారు. ఇరవయ్యో తేదీన హాల్లో అధికారులు, విలేకరులు పోగా అసలు జనం పదకొండుమంది. మంత్రి గారు ముందు వరసలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు. నాకు మధ్యలో మెత్తటి కుర్చీ వేశారు. నిద్రకు అంతకంటే అనువైన చోటు ఉండదు.

సినిమాలో ఒక ముసలామె. కొడుకు రేవులో పనికి వెళ్లి తిరిగి రాలేదు. ఆమె రెండు కంచాలు పెట్టి కూర్చుంది. తర్వాత తలుపు కనిపించింది. కనిపిస్తూనే ఉంది. నేను అనుభవజ్ఞుడిలా వాచీ చూసుకున్నాను. బయట అడుగుల చప్పుడు వచ్చి దాటిపోయింది. కాసేపటికి ఇంకెవరో వచ్చి దాటిపోయారు. మూడోసారి చప్పుడయ్యేసరికి నేను కుర్చీలో ముందుకు వంగి ఉన్నాను, ఎవరైనా వస్తే బాగుండునని.

రేవులో నాతో పనిచేసిన స్తానోయ్ నీళ్లలో పడి చనిపోయాడు. ఆ ఏడాదంతా వాళ్లమ్మ ఇంటిముందు నుంచి పోవలసి వస్తే నేను పక్కవీధి పట్టేవాణ్ణి. ఏం మాట్లాడాలో తెలియక. ఆమె తలుపు లోపలి నుంచి ఎలా ఉండేదో నాకిప్పుడు చూపించారు.

సినిమా అయిపోయింది. ఆఖరి పేరు దాకా చూశాను. మఫ్లర్ అంచు తడిసింది.

మైకు నా చేతికిచ్చారు. "నేను తప్పు చెప్పాను" అన్నాను. "ఇన్ని వారాలూ చూడకుండా చెప్పాను. ఈ సినిమా బాగుంది. చాలా బాగుంది. ఈ హాలు మూయకండి."

మేడ మీద చిన్న కిటికీలోంచి గినా తొంగి చూస్తోంది. మంత్రి గారు లేచి నిలబడ్డారు. ఆయన కళ్లలో కూడా నీళ్లున్నాయి. నేను చూశాను.

"మిత్రులారా" అన్నారు ఆయన. "ఒక మనిషి మన కళ్లముందే ఎదిగిపోయాడు. సినిమా మొత్తం చూశారు, అర్థం చేసుకున్నారు, కన్నీరు పెట్టారు. జప్రియన్ గారు ఇక సామాన్య ప్రేక్షకుడు కారు, పండితులు. పండితుల మాట వినబోమని ఈ హాలు మెట్ల మీదే నేను ప్రజలకు మాటిచ్చాను. ఆ మాట తప్పలేను. వారికి సన్మానంతో పదవీ విరమణ ప్రసాదిస్తున్నాను."

స్నెజానా నాకు పూలగుత్తి ఇచ్చింది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చాలా చక్కగా మాట్లాడారాయన.

బయట కారులో కూర్చున్న మంత్రి గారి డ్రైవరును లోపలికి పిలిపించారు. నలిగిన చొక్కా, బుగ్గ మీద సీటు అచ్చు. కొత్త ప్రథమ సామాన్య ప్రేక్షకుడు అతనే.

"సినిమా మీద మీ అభిప్రాయం?" అని విలేకరులు అడిగారు.

"ఏ సినిమా అండీ?"

"గమనించండి, ఎంత నిష్పాక్షికత" అన్నారు మంత్రి గారు. హాలు మూసే ఉత్తర్వు మీద, వాళ్లు చూపించిన చోట అతను సంతకం పెట్టాడు.

గినా మేడ దిగి వచ్చింది. నా వైపు చూడలేదు. హాలు తాళంచెవి తెచ్చి ఆ సంతకం పక్కన బల్ల మీద పెట్టింది. డ్రైవరు దాన్ని చేతిలోకి తీసుకుని, "బాత్రూందా అక్కా?" అని అడిగాడు.

"కాదు తమ్ముడూ. బాత్రూం ఎడమవైపు, తీసే ఉంటుంది" అంది గినా.