ఒపలమ్మ ఇంట్లో రెండు బెయిళ్లు

ఆ శనివారం ఒపలమ్మ పెట్టుకున్న పని ఒక్కటే, పీచ్ పళ్లు ఉడికించి పన్నెండు సీసాల జామ్ పట్టడం. సీసా పేలి కళ్లలో పెంకులు గుచ్చుకుంటాయేమోనని కళ్లద్దాల మీద ఇంకో జత కళ్లద్దాలు తగిలించుకుని పొయ్యి ముట్టించింది. హార్లో కౌంటీలో అంత ముందుజాగ్రత్త ఇంకెవరికీ లేదు. కౌంటీ ముద్ర వేసిన కవరు ఏదొచ్చినా చెడువార్తే అయి ఉంటుందని, విప్పకుండా పిండి డబ్బా వెనక దాచేసేది.

ఫోను మోగింది. కూతురు టెస్సా. బడిలో నర్సు.

"అమ్మా, నన్ను అరెస్టు చేశారు. కోర్టు దగ్గరున్నాను. బెయిల్ రెండు వేల డాలర్లట, మధ్యాహ్నం లోపల కట్టాలి. నువ్వూ నీ స్నేహితులూ తలా కాస్త..."

ఒపలమ్మ ఫోను పెట్టేసింది. పోలీసులు వినే ఫోనులో ఎంత మాట్లాడితే కేసు అంత బిగుస్తుందని ఆమె నమ్మకం. పొయ్యి ఆర్పి, ఆరిందో లేదో రెండుసార్లు చూసి, కారెక్కింది.

జైలుకు ఎదురుగా బెయిళ్లకు పూచీ ఉండే లాయిడ్ కొట్టు. అతను డోనట్ తింటున్నాడు.

"ఏం నేరమమ్మా?"

"అడగలేదయ్యా. అడిగితే చెప్పేస్తుందేమోనని భయమేసింది."

"సరే. దారులు నాలుగు. రెండు వేలూ మీరే కడితే, పిల్ల వాయిదాలకు సరిగ్గా వస్తే, కేసయ్యాక తిరిగిస్తారు. అంత లేదంటారా, నాకు పదోవంతు, రెండు వందలివ్వండి, మొత్తానికి నా పూచీ. ఆ రెండు వందలు మాత్రం నావే. లేదా ఇంటి పత్రాలు పెట్టండి. ఇక జడ్జికి నమ్మకం కుదిరితే ఉత్త సంతకంతో వదిలేస్తాడు, వాయిదాకు వస్తానని."

"సంతకంతో ఎవర్ని వదుల్తారు?"

"చిన్న తప్పులు చేసిన పరువు గలవాళ్లని."

"మా పిల్ల పరువు గలదే. మరి రెండు వేలెందుకు?"

లాయిడ్ నమలడం ఆపాడు. జైలుకు ఫోను చేసి, "పేరు లిస్టులో లేదంటున్నారే" అన్నాడు.

"దాచేశారు" అంటూ ఒపలమ్మ లేచింది. అంత భయంలోనూ ఓ మాట తట్టింది. నెల్డా కొడుకు తాగి చర్చి కంచె గుద్దినప్పుడు బెయిల్ ఐదు వందలే. మనిషిలో ఏదో గొప్ప ఉంటే తప్ప రెండు వేలు పెట్టరు.

తిన్నగా ఆ నెల్డా ఇంటికే వెళ్లింది. చర్చిలో ప్రార్థన గొలుసు నెల్డాదే. ఎవరికి ఆపదొచ్చినా ఆమె ఇద్దరికి ఫోను చేస్తుంది, ఆ ఇద్దరు నలుగురికి. మొదటి ఫోనులో టెస్సా అరెస్టయింది. నాలుగో ఫోనుకు మందులు దొంగిలించింది. గొలుసు చివరికి చేరేసరికి బ్యాంకు దోచింది.

అయినా ఒక్కరూ తలుపేసుకోలేదు. చేతిలో వండి తెచ్చిన కాసరోల్ గిన్నె, గిన్నె మీద డబ్బు కవరు పెట్టుకుని వరసగా నెల్డా ఇంటికి వచ్చారు.

"మావాణ్ణి కందిరీగలు కుడితే బతికించిన పిల్ల" అంది ఒకావిడ. "బ్యాంకు దోస్తే దోచింది, మన పిల్లేగా."

కవర్లు, ఇంటికెళ్లి తెచ్చిన ఇంటి పత్రాలు పట్టుకుని, నెల్డాను వెంటబెట్టుకుని, పన్నెండుకు పది నిమిషాలుండగా ఒపలమ్మ కోర్టుకు చేరింది. ఖాళీ కనిపించిన చోట కారు ఆపింది. అది కౌంటీ పోలీసు పెద్ద షెరీఫ్ గారి చోటు.

కోర్టు ముందు పచ్చికలో ప్లైవుడ్ చెక్కల జైలు. పైన గుడ్డమీద "కొత్త అంబులెన్సుకు చందాలు" అని రాసి ఉంది. ఊళ్లో పేరున్నవాళ్లను ఉత్తుత్తిగా అరెస్టు చేసి, బెయిల్ పేరుతో చందా రాబట్టే ఆట. లోపల చారల చొక్కాలో టెస్సా, పక్కన పళ్ల డాక్టరు, బ్యాంకు మేనేజరు.

"నన్ను దోచావటగా?" అంటున్నాడు మేనేజరు.

"అమ్మా, పూర్తిగా వినకుండానే పెట్టేశావు కదూ?" అంది టెస్సా.

కవర్లు విప్పితే ఆరు వేల నూట నలభై. మేనేజరుకు తొమ్మిది వందలు కూడా రాలేదు. ఎవరి డబ్బు వాళ్లు తీసుకోవచ్చన్నారు చందా వసూలు చేసేవాళ్లు. "ఇచ్చిందేదో ఇచ్చాం. గిన్నెలు మాత్రం కడిగివ్వండి" అంది నెల్డా. ఒపలమ్మ రెండు జతల కళ్లద్దాలూ తీసి తుడుచుకుంది. ఊళ్లో ఇంత ఖరీదైన పిల్లను ఇంకే తల్లీ కనలేదు.

అప్పుడొచ్చాడు షెరీఫ్ కింద పనిచేసే డిప్యూటీ రాండల్. "అమ్మగారూ, ఆ నీలం కారు మీదేనా? రెండేళ్ల కిందటి స్పీడు చలానా ఉంది. వాయిదాకు రాలేదు, అరెస్టు వారంటు ఉంది. మూడు ఉత్తరాలు వేశాం."

ఆమెకు పిండి డబ్బా గుర్తొచ్చింది. ఆ చలానా, టెస్సాకు ఎక్కిళ్లొస్తే గుండెపోటనుకుని ఆస్పత్రికి కారు పరుగెత్తించిన రోజుది.

"ఇదీ ఆటేనా బాబూ?"

"కాదమ్మా."

కోర్టు లోపల మెజిస్ట్రేటు ఆమెనూ, బల్ల మీద పెట్టిన ఇంటి పత్రాలనూ చూశాడు. "ఇవి తీసెయ్యండమ్మా. మీకు సంతకం చాలు."

మరునాడు చర్చి మెట్ల మీద ఒపలమ్మ తల ఎత్తుకుని చెప్పింది. "మా అమ్మాయికి ఆరు వేలయింది. నన్ను పైసా అడగలేదు. నమ్మకం."

వాయిదా తేదీ రాసిన కవరు బుధవారం వచ్చింది. అది పిండి డబ్బా వెనక భద్రంగా ఉంది.