పటకారుకు ఒక్క స్టార్

పుస్తకాలు చదవడం దండగ. వాటి మీద అభిప్రాయాలు చదవండి, చాలు!

ఊరికే అనడం లేదు. నా చదువు పదో తరగతితో ఆగిపోయిన మాట నిజమే. కానీ గత ఇరవై రోజుల్లో ఒకే ఒక్క పుస్తకం మీద నాలుగు వందల పన్నెండు అభిప్రాయాలు చదివాను. పుస్తకమేమో డెబ్బై పేజీలు. ఏది పెద్ద చదువో మీరే చెప్పండి.

అది బొమ్మల పుస్తకం. 'పిడుగు' అని ఒక సూపర్ హీరో పిల్ల. ఆకాశంలో ఎగురుతుంది, కూలిపోయే మేడలను భుజంతో ఆపుతుంది. ఆ పిల్ల కథలు ఇదివరకే తొమ్మిది వచ్చాయి. ఇప్పుడొచ్చింది ప్రీక్వెల్. ముందు జరిగినదాన్ని తర్వాత చెప్పడాన్ని అలా అంటారట. ఇందులో కొత్తేముంది? మా అత్తగారు ప్రతి తగాదాకూ ప్రీక్వెల్ చెప్పేవారు. ఈ పుస్తకంలో పిడుగు ఇంకా చిన్నపిల్ల. ఎగిరేదీ, మేడలు ఆపేదీ వాళ్లమ్మ.

బొమ్మలు గీసింది మా అమ్మాయి.

అచ్చయిన మొదటి కాపీ తెచ్చి నా చేతిలో పెట్టింది. చదివి ఏమనిపించిందో చెప్పమంది. పన్నెండో పేజీ మాత్రం జాగ్రత్తగా చూడమని రెండుసార్లు చెప్పింది.

నేను కళ్లకద్దుకుని దేవుడి పటం ముందు పెట్టాను. ప్లాస్టిక్ కవరు తీస్తే నలుగుతుందని తీయలేదు. దేవుడి ముందు పెట్టినదాన్ని వెంటనే లాక్కోవడం మర్యాదా? రోజూ పొద్దున దణ్ణం పెట్టుకుని, కవరు మీద దుమ్ము తుడిచి, ఫోన్ తీసుకుని కూర్చునేదాన్ని. లోకమంతా మా అమ్మాయి గురించి మాట్లాడుకుంటుంటే తల్లిని, వినకుండా ఎలా ఉంటాను?

ఎంత విజ్ఞానమండీ! 'గోడమీదపిల్లి' అనే పాఠకుడు తల్లి ఎక్కువైంది, ఫైటింగు తక్కువైంది అని మూడు స్టార్లిచ్చాడు. ఆ కిందే 'నిద్రరాజు' ఫైటింగు ఎక్కువైంది, తల్లి తక్కువైంది అని మూడు స్టార్లిచ్చాడు. ఇంతటి సయోధ్య మా ఇంట్లో అన్నదమ్ముల మధ్య కూడా చూడలేదు. ఒకాయన ఇంకా చదవలేదు గానీ చాలా నిరాశపడ్డాడు. ఇంకొకావిడకు పుస్తకం మూల నలిగి వచ్చింది, ఒక్క స్టార్. దాని కింద అట్టపెట్టె ఎలా కట్టాలన్న విషయం మీద ముప్పై మంది కొట్టుకున్నారు.

అసలు పిడుగుకు తల్లి ఎందుకు, తనంతట తనే పుట్టి ఉంటే దర్జాగా ఉండేది కదా అని ఒకతను రాశాడు. నూట ఇరవై ఎనిమిది మంది అవునన్నారు. ఆ నూట ఇరవై ఎనిమిది మందీ ఎలా పుట్టారో అడుగుదామనుకున్నాను. పెద్దదాన్ని, బాగుండదని ఊరుకున్నాను.

ఒక్కోసారి చిన్న సందేహం వస్తుంది. దేవుడు ఈ లోకాన్ని చేసి ఇన్నాళ్లయింది, ఎవరినీ స్టార్లు అడగలేదు. అడిగి ఉంటే మనం ఊరుకునేవాళ్లమా? వానకు రెండు, ఎండకు ఒకటి, దోమలకు సున్నా. ఆయన మనసు విరిగి ఆరో రోజే కొట్టు కట్టేసేవాడు.

సరే, నా వంతు సాయం నేనూ చేశాను. మా వారి చేత ఐదు స్టార్లు వేయించాను. ఆయన ఇదివరకు కుక్కరుకు అభిప్రాయం రాసి ఉన్నారు, ఆ అనుభవంతో "సైజు సరిపోయింది, మన్నిక బాగుంది" అని రాశారు. ఆయన ఆఫీసులో ఎనిమిది మంది, మా చెల్లెలు, మరుదులు అందరూ వేశారు. ఒక్కరూ పుస్తకం తెరవలేదు. తెరిచి ఉంటే ఐదు పడేవా?

ఇక పన్నెండో పేజీ. ఎక్కువ తిట్లు దానికే పడ్డాయి. ఊరు వరదలో మునిగిపోతుంటే కాపాడడానికి ఎగిరిన తల్లి సగం దారిలో వెనక్కి తిరిగి, స్టవ్ కట్టేశానో లేదో అని ఇంటికి వస్తుందట! వచ్చి, పటకారుతో మీట తిప్పుతుందట! ఇనుప వంతెనను వంచే మనిషికి స్టవ్ తిప్పడానికి పటకారెందుకు, లాజిక్ లేదు, ఒక్క స్టార్ అని నిద్రరాజు తమ్ముడెవరో రాశాడు. చదివి నిజమే కదా అనుకున్నాను. లాజిక్ అంటే లాజిక్కే.

పంతొమ్మిదో రోజు సాయంత్రం నేను పాలు కాస్తుంటే అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"పన్నెండో పేజీ చూశావా అమ్మా?"

"ఆ, అంతా బాగుంది తల్లీ. ఆ స్టవ్ సంగతే కాస్త అతిగా ఉంది. ఊరు మునిగిపోతుంటే ఎవరైనా స్టవ్ కోసం వెనక్కొస్తారా? పైగా పటకారేమిటి, లాజిక్ ఉండొద్దూ?"

పాలు పొంగబోతుంటే పటకారుతో మీట తిప్పి స్టవ్ కట్టేశాను. అమ్మాయి నా చేతివైపే చూసింది. పాలవైపు చూస్తోందనుకున్నాను.

"ఎవరూ రారులే అమ్మా" అని తన గదిలోకి వెళ్లిపోయింది. పాలు వద్దంది.

మర్నాడు కూరగాయలకని సంచీ పట్టుకుని బయల్దేరాను. గేటు దాకా వెళ్లి, ఎప్పటిలాగే వెనక్కి వచ్చాను, స్టవ్ చూడడానికి. కట్టేసే ఉంది. పాతికేళ్లుగా ఎప్పుడొచ్చి చూసినా కట్టేసే ఉంటోంది. ఆ మీట విరిగి ఏడేళ్లయింది. అయినా ఇంకోసారి పటకారుతో బిగించాను.

బిగించిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

సంచీ అక్కడే పడేసి, దేవుడికి చెప్పుకుని, పుస్తకం తీసి కవరు చించాను. పన్నెండో పేజీలో కిటికీ బయట వరద. లోపల స్టవ్ ముందు ఆవిడ. పళ్ల మధ్య తలపిన్ను, మోచేతి మీద నూనె చిట్లిన మచ్చ, చేతిలో పటకారు. ఆ మచ్చ నాది. వెనక గదిలో, పెన్సిలు పట్టుకునే నిద్రపోయిన చిన్నపిల్ల.

స్టవ్ కోసం ఎందుకు వెనక్కొచ్చిందో ఆ పిల్లను చూస్తే తెలిసిపోతుంది. నాలుగు వందల పన్నెండు మందిలో ఒక్కరూ ఆ పిల్ల సంగతి రాయలేదు. రాసి ఉంటే నేను చదివేదాన్నే కదా!

డెబ్బై పేజీలూ నిలబడే చదివాను. ఫోన్ తీసి ఐదు స్టార్లు నొక్కబోయాను. మా వారి కుక్కరు గుర్తొచ్చి ఫోన్ పక్కన పెట్టేశాను. అమ్మాయి గదిలోకి వెళ్లాను. బల్ల మీద వంగి ఏదో గీస్తోంది, తలెత్తలేదు.

"ఏమే, పటకారు ఎడమ చేతిలో పెట్టావేమిటి? నేను కుడి చేత్తో కదా తిప్పేది?"

పెన్సిలు ఆగింది. అమ్మాయి మెల్లగా నావైపు తిరిగింది.

"చదివావన్నమాట" అంది.

కుర్చీ మీద కాగితాలు తీసి, నావైపు జరిపి, ఇంకా ఏమేం తప్పులున్నాయో కూర్చుని చెప్పమంది. చాలానే ఉన్నాయి. కూర్చోబోయే ముందు స్టవ్ ఒకసారి చూసి వచ్చాను.